ఎక్కడ కొట్టమంటారు సార్? పాత వాహనాల నంబర్ల గురించి మోటారు వాహనాల తనిఖీ అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

కాగితాల్లో మీ హోదా పేరు ఎంత పొడవున్నా, మా ఊళ్లలో ఇప్పటికీ మిమ్మల్ని బ్రేక్ ఇన్‌స్పెక్టరు అనే పిలుస్తారు. అందులో వెటకారం లేదు. బండి ఆగుతుందో లేదో తేల్చి చెప్పే మనిషంటే జనానికి గౌరవం, దానితోపాటు కాస్త భయం. నాకు ఆ రెండూ ఉన్నాయి కాబట్టే ఏడాదిన్నరగా నోరెత్తకుండా మీ మెట్లు ఎక్కి దిగాను. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

సంగతి ఒక పాత జీపుది. ఒకప్పుడు రోడ్డు పనులు, కాలువ పనులు చేయించిన ఒక కాంట్రాక్టరు కుటుంబం దగ్గర కొన్నాను. చెట్టు కింద టైర్లు సగం నేలలో దిగబడి, కమాను పట్టీలు తుప్పుతో ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్న స్థితిలో ఇంటికి తెచ్చుకున్నాను. దానితోపాటు వాళ్లు ఇచ్చిన అసలు ఆస్తి ఒక సి-బుక్కు, అంటే బండి రిజిస్ట్రేషన్ పుస్తకం. మడతల దగ్గర చిరిగింది, అంచులు చెద కొట్టాయి, కానీ సిరా చెరగలేదు. ఎం అక్షరంతో మొదలయ్యే మద్రాసు రాష్ట్ర కాలపు రిజిస్ట్రేషన్. తయారీదారు అన్న చోట విల్లీస్ అనే అమెరికన్ కంపెనీ పేరు. తయారైన సంవత్సరం 1944. ఛాసిస్, అంటే బండి అడుగున ఉండే ఇనుప ఫ్రేము, దాని నంబరు గడిలో రెండు లక్షల పైచిలుకు సంఖ్య. ఇంజిను నంబరు గడిలోనూ సరిగ్గా అదే సంఖ్య.

రిజిస్ట్రేషన్ రెన్యువల్ కోసం ఒక ఆఫీసుకు బండిని లారీ మీద తీసుకెళ్లాను. ఏ ఊరో చెప్పను. చెప్పినా ప్రయోజనం లేదు, ఏ ఊళ్లోనైనా అదే జరిగేది. తనిఖీకి వచ్చిన అధికారి కుర్రవాడు, మర్యాదస్తుడు. ప్యాంటు మాసిపోతుందని చూసుకోకుండా నేల మీద కూర్చుని ఫోను లైటు వేసి వెతికాడు. విల్లీస్ జీపుకు నంబరు ఎక్కడ ఉంటుందో ముందే తెలుసుకుని వచ్చాడు, అందుకు ఆయనను మెచ్చుకోవాలి. ముందు బంపరు వెనక, ఫ్రేముకు పొడవునా ఉండే రెండు ఇనుప పట్టీల్లో ఎడమ పట్టీ లోపలి వైపు చిన్న రేకు పలక ఉండాలి. పలక లేదు. పలక ఉన్న ఆనవాలూ లేదు. తర్వాత ఇంజిను చూశాడు. దాని మీది సంఖ్య బుక్కులో ఉన్నది కాదు. చివరికి బుక్కు తెరిచి రెండు గడుల్లోనూ ఒకే నంబరు చూపించి, "ఇది గుమాస్తా పొరపాటన్నా అయి ఉండాలి, మరొకటన్నా అయి ఉండాలి" అన్నాడు. ఆ మరొకటి ఏమిటో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ తర్వాత ఇచ్చిన సలహా వల్లే ఈ ఉత్తరం. "గేటు బయట పంచింగ్ చేసే అతను ఉంటాడు. బుక్కులో ఉన్న నంబరు ఛాసిస్ మీద కొట్టించుకుని రండి. పెన్సిల్ ప్రింట్ తీసి ఫైలు పంపేద్దాం." పెన్సిల్ ప్రింట్ అంటే అంకెల మీద కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్ది తీసే అచ్చు. ఆ మాట నా మీద జాలితోనే అన్నాడు. లంచం మాట లేదు, బెదిరింపు లేదు. పనైపోతుందని చెప్పాడు, అంతే.

వెళ్లాను. చెట్టు నీడలో ఒక పెద్దాయన, ముందు చెక్కపెట్టెలో సున్నా నుంచి తొమ్మిది దాకా ఉక్కు అచ్చులు, పక్కన సుత్తి, గ్రైండరు. నా బుక్కు చూసి అచ్చులు వరసగా తీసిపెట్టుకుని తలెత్తి అడిగాడు: "ఎక్కడ కొట్టమంటారు సార్?"

నాకు జవాబు తెలియలేదు. తెలియనందువల్లే ఆ జీపు బతికింది.

ఇంటికొచ్చాక చదువుకున్నాను, తెలిసినవాళ్లను అడిగాను, నెలల తరబడి బండి కింద పడుకున్నాను. అప్పుడు అర్థమైంది ఏమిటంటే, మనం విల్లీస్ జీపు అని నోటివాటంగా పిలిచేవన్నీ విల్లీస్‌వి కావు. 1941లో అమెరికా సైన్యం ఈ బండికి విల్లీస్ నమూనాను ఖాయం చేసింది. కానీ యుద్ధానికి కావలసినన్ని బండ్లు ఓహయోలోని విల్లీస్ వాళ్ల టొలీడో ఫ్యాక్టరీ ఒక్కటే ఇవ్వలేదు. అందుకని అదే నమూనాతో తయారు చేయమని ఫోర్డ్‌కు కూడా కాంట్రాక్టు ఇచ్చారు. విల్లీస్ చేసినది ఎంబీ, ఫోర్డ్ చేసినది జీపీడబ్ల్యూ. జీ అంటే గవర్నమెంటు బండి, పీ అంటే 80 అంగుళాల వీల్‌బేస్‌కు (ముందు, వెనక చక్రాల మధ్య దూరానికి) ఫోర్డ్ వాళ్ల సంకేతం, డబ్ల్యూ అంటే విల్లీస్ నమూనా. యుద్ధం ముగిసేలోగా విల్లీస్ మూడున్నర లక్షలకు పైగా, ఫోర్డ్ 2,77,000కు పైగా చేశాయి. పక్కపక్కన నిలబెడితే కన్నతల్లి కూడా పోల్చుకోలేనంత కవలలు. ఒకదాని భాగం ఇంకొకదానికి పడుతుంది, పట్టాలనే అలా చేశారు.

అయితే నంబరు వేసే అలవాటు మాత్రం ఎవరిది వారిదే. విల్లీస్ ఛాసిస్ నంబర్లు 1,00,001 దగ్గర మొదలై నాలుగున్నర లక్షలు దాటాయి. ఫోర్డ్ ఒకటి నుంచి మొదలుపెట్టింది. విల్లీస్‌లో ఇంజిను నంబరు వేరు, ఛాసిస్ నంబరు వేరు. దగ్గర దగ్గరగా ఉంటాయి గానీ ఒకటి కావు. ఫోర్డ్‌లో ఇంజిను మీద ఏ నంబరు కొట్టారో ఫ్రేము మీదా అదే కొట్టారు. ఫోర్డ్ వాళ్లకు ఇది 1928 నాటి మోడల్-ఎ కారు నుంచే ఉన్న పద్ధతి.

ఇప్పుడు మళ్లీ నా సి-బుక్కు చూడండి. రెండు గడుల్లో ఒకే సంఖ్య. మీ అధికారికి అనుమానం కలిగించిన ఆ పోలికే ఈ బండి ఫోర్డ్‌దని చెబుతోంది. ఇంకొక లెక్క కూడా ఉంది. విల్లీస్ నంబర్లలో రెండు లక్షలు అంటే సుమారు 1942 చివర, 1943 మొదలు. 1944 వచ్చేసరికి విల్లీస్ లెక్క మూడు లక్షల దరిదాపుల్లో ఉంది. బుక్కులో తయారీ విల్లీస్ అని, సంవత్సరం 1944 అని, నంబరు రెండు లక్షల పైచిలుకు అని ఉన్నప్పుడు ఈ మూడూ ఒకచోట పొసగవు. విల్లీస్ అన్న మాట తీసి ఫోర్డ్ అని పెట్టండి, మూడూ పొసుగుతాయి. డెబ్బై ఏళ్ల కిందట మీ శాఖలో కలం పట్టిన ఆ గుమాస్తా అంకెల్లో తప్పు చేయలేదు. పేరులో చేశాడు. అది ఎందుకు చేశాడో కూడా తర్వాత తెలిసింది, చెబుతాను.

ఫోర్డ్ అయితే నంబరు పలక మీద ఉండదు. ఎడమ పట్టీ పైతలం మీద, ముందు షాక్ అబ్జార్బరు బిగించే చోటుకు దగ్గరలో, ఇనుములోనే కొట్టి ఉంటుంది. మీ అధికారి లోపలి వైపు చూశాడు, పైన చూడలేదు. చూసినా కనిపించేది కాదు. అక్కడ వేలు మందాన గ్రీజు, మట్టి, దాని కింద నాలుగు రంగుల పెయింటు పేరుకుని ఉన్నాయి. మా మేస్త్రి గ్రైండరు తీశాడు. చేయి పట్టుకుని ఆపాను. గ్రైండరు ఒక్క నిమిషం తిరిగితే పెయింటుతోపాటు అంకెలూ పోతాయి. కిరోసిన్‌లో తడిపిన గుడ్డ రాత్రంతా కప్పి ఉంచాం. పొద్దున చెక్కపుల్లతో మట్టి తీశాం. పెయింటు రిమూవరు రాసి, ఇత్తడి బ్రష్షుతో మెల్లగా, పిల్లవాడికి పళ్లు తోమినట్టు తోమాం. ఎర్రరంగు పోయింది, బూడిదరంగు పోయింది, సైన్యం పచ్చరంగు పోయింది. ఇనుము నల్లగా మెరిసింది, ఏమీ కనిపించలేదు. మేస్త్రి నిట్టూర్చి టీకి వెళ్లాడు.

నేను మీ దగ్గర నేర్చుకున్న విద్యే వాడాను. పల్చటి కాగితం అక్కడ పరిచి, మెత్తటి పెన్సిల్‌ను పక్కకు వంచి రుద్దాను. మొదట ఒక గీత. తర్వాత ఒక వంపు. జీ. దాని పక్కన పీ. డబ్ల్యూ సగమే పడింది. ఆ తర్వాత అంకెలు ఒక్కొక్కటే తేలాయి, బుక్కులో ఉన్నవి ఉన్నట్టు. చివరి అంకె దగ్గర కాగితం చిరిగింది, చేతి వణుకు వల్ల. ఆ చిరిగిన కాగితం ఇప్పుడు సి-బుక్కు లోపలే దాచిపెట్టాను. నంబరు మాత్రం ఇక్కడ రాయను. రాస్తే రేపు ఇంకెక్కడో ఇంకొక ఫ్రేము మీద అది తేలుతుంది, ఆ సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు.

ఒక్కసారి ఊహించండి. ఆ రోజు నేను లోపలి వైపు ఎక్కడో చూపించి "ఇక్కడ కొట్టు" అని ఉంటే? అదే బండికి అదే నంబరు రెండు చోట్ల ఉండేది. ఒకటి 1944లో అమెరికాలో పడ్డది, ఇంకొకటి మీ గేటు బయట పడ్డది. తర్వాత చూసినవాడికి మొత్తం బండే నకిలీ అనిపించేది. నిజమైన నంబరు ఉన్న చోటే గ్రైండరు పెట్టించి కొట్టించి ఉంటే ఇక చెప్పేదేముంది, సాక్ష్యం ఇనుప రజనుగా రాలిపోయేది. ఛాసిస్ నంబరు చెరిపినవాడిని దొంగ అంటారు. చెరపమని సలహా ఇచ్చినవాడిని ఏమనాలో మీరే చెప్పండి.

ఇక ఇంజిను. బ్లాకు కుడివైపు ముందుభాగంలో ఉన్న నంబరు ఎంబీ అని మొదలవుతుంది, అంటే ఇది విల్లీస్ ఇంజిను. సి-బుక్కు రాసిన రోజున బండిలో సొంత ఫోర్డ్ ఇంజినే ఉండాలి, లేకపోతే ఆ గడిలో ఆ సంఖ్య పడదు. కాబట్టి ఇంజిను మార్పు రిజిస్ట్రేషన్ తర్వాతే, కాంట్రాక్టరు చేతిలోనే జరిగింది. అప్పట్లో అది వింత కాదు. సైన్యం వదిలేసిన జీపులు డిస్పోజల్ వేలాల్లో గుంపులుగా అమ్ముడుపోయాయి. ఒకటి నడుపుకోవడానికి, ఒకటి విడిభాగాలకు అని కొనుక్కున్నవాళ్లున్నారు. పశ్చిమ బెంగాల్లోని పానాగఢ్ లాంటి చోట్ల సైన్యం డిస్పోజల్ సామాను వ్యాపారం ఆ తర్వాత దశాబ్దాల పాటు సాగింది. ఇంజిను మార్చినప్పుడు మీకు చెప్పి బుక్కులో రాయించుకోవలసింది, రాయించుకోలేదు. అది మా వైపు తప్పు. ఒప్పుకుంటాను. రుసుము ఎంతో చెప్పండి, కడతాను. అయితే ఆ తప్పుకు శిక్ష ఛాసిస్ ఎందుకు అనుభవించాలి?

బాడీ కథ ఇంకా రుచిగా ఉంటుంది. వెనక ఎడమవైపు రేకు మీద పుట్టీ, లప్పం గీకితే విల్లీస్ అన్న పేరు పొంగుగా అచ్చువేసి కనిపించింది. మొదటి దశ బండ్లకు విల్లీస్, ఫోర్డ్ రెండూ తమ పేర్లు అలా వేసుకున్నాయి. సైన్యానికి అది నచ్చక మాన్పించింది. అంటే ఈ బాడీ విల్లీస్ తొలినాళ్లది, ఫ్రేము 1944 ఫోర్డ్‌ది. ఆ గుమాస్తా ఏం చేసి ఉంటాడో ఇక మీకు చెప్పనక్కర్లేదు. నంబరు ఇనుము మీద చూసి రాసుకున్నాడు, పేరు వెనక రేకు మీద చదివి రాసుకున్నాడు. రెండూ నిజంగా ఉన్నవే! దీన్నిబట్టి బాడీ మార్పు రిజిస్ట్రేషన్‌కు ముందే, బహుశా సైన్యం వర్క్‌షాపులోనే జరిగింది. రెండు మూడు దెబ్బతిన్న బండ్లు కలిపి ఒక మంచి బండి చేయడం వాళ్ల రోజువారీ పని. బాడీకి కూడా సొంత నంబరు ఉంటుంది. విల్లీస్ బాడీలు చేసింది టొలీడోలో కాదు, ఇండియానా రాష్ట్రం కానర్స్‌విల్‌లోని అమెరికన్ సెంట్రల్ అనే కంపెనీ. ఆ నంబరు ఆ కంపెనీ లెక్క ప్రకారం పడ్డది. దానికీ ఛాసిస్ నంబరుకూ చుట్టరికం లేదు.

ఫోర్డ్ అని తేల్చడానికి నంబరు ఒక్కటే ఆధారం కాదు. రేడియేటరు కింద రెండు పట్టీలను కలిపే అడ్డకమ్మీ విల్లీస్‌లో గుండ్రటి గొట్టం, ఫోర్డ్‌లో బోర్లించిన దోనెలా ఉంటుంది. నాది దోనె. ఫ్రేముకు బిగించిన పాత బోల్టుల తలల మీద చిన్న ఎఫ్ అక్షరం ఉంటుంది. బాడీ బోల్టుల మీద అది లేదు, ఉండకూడదు కూడా. బానెట్ మీద నీళ్లు చల్లి వాటర్ పేపరుతో పొర పొరగా రుద్దితే తెల్లరంగు అంకెల నీడ తేలింది. మొదటి రెండు అంకెలు 20. అమెరికా సైన్యంలో ఈ తరగతి బండ్ల నంబర్లు 20తోనే మొదలయ్యేవి. మిగతావి ఎవరో ఎప్పుడో గ్రైండరుతో తినేశారు. బ్రిటిష్ పద్ధతి నంబరయితే ముందు ఎం అక్షరం ఉండేది. కాబట్టి ఆ బానెట్ అమెరికన్ దళాల దగ్గర పనిచేసిన బండిదే. బానెట్ అన్నాను, జీపు అనలేదు గమనించండి. నాలుగు బోల్టులు విప్పితే బానెట్ ఇంకొక బండికి పోతుంది. అందుకే దాని మీద నేను ఏ కథా కట్టడం లేదు.

ఇదంతా ఒక జీపు పిచ్చివాడి గోల అనుకోకండి. పాత బండి ఏదైనా ఇంతే. పదిహేడు అక్షరాల ఛాసిస్ నంబరు చూసి అలవాటైన కళ్లకు ఒక బండికి ఒకటే నంబరు అనిపిస్తుంది. ఆ పదిహేడు అక్షరాల పద్ధతి అమెరికాలోనే 1981 మోడళ్లతో వచ్చింది. అంతకుముందు ఛాసిస్ చేసేవాడు ఒకడు, బాడీ కట్టేవాడు ఇంకొకడు, ఎవడి అచ్చులు వాడివి. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం పసుపురంగు రోల్స్‌రాయిస్ మీరు చూసే ఉంటారు, 1912 నాటి సిల్వర్ గోస్ట్. ఛాసిస్ రోల్స్‌రాయిస్‌ది, పైన సింహాసనంలాంటి ఆ బాడీ బార్కర్ అనే లండన్ కంపెనీ కట్టింది. ఒకే బండికి రెండు పుట్టుకలు. బాడీ నంబరు ఛాసిస్ నంబరుతో కలవలేదని దాన్ని ఎవరైనా పక్కన పెడతారా?

జనరల్ మోటార్స్ 1928లో బొంబాయి శివ్రీలో షెవర్లేలను బిగించడం మొదలుపెట్టింది. మన దేశంలో కార్ల అసెంబ్లీ ఫ్యాక్టరీ అంటే అదే మొదటిది. 1930ల అమెరికన్ షెవర్లేకు కౌల్ మీద, అంటే ఇంజినుకూ మనుషులు కూర్చునే భాగానికీ మధ్య ఉన్న రేకు మీద, బాడీ కట్టిన ఫిషర్ వాళ్ల పలక ఉంటుంది. దాని మీద స్టైల్ నంబరు, బాడీ నంబరు, లోపలి గుడ్డ నంబరు, రంగు నంబరు వరసగా రాసి ఉంటాయి. బండి సీరియల్ నంబరు ఇంకొక పలక మీద ఉంటుంది. దాని మొదటి అంకెలు ఫ్యాక్టరీవి: 1 అంటే ఫ్లింట్, 2 అంటే టారీటౌన్, 14 అంటే బాల్టిమోర్. ఇవన్నీ వదిలేసి ఫిషర్ పలక మీది బాడీ నంబరును ఛాసిస్ నంబరని బుక్కులో రాసిన సందర్భం నేను కళ్లారా చూశాను. స్నేహితుడి కారు అది. ఫ్రేము మీద ఎంత వెతికినా ఆ నంబరు దొరకదు. అది ఫ్రేముది కాదు కదా మరి.

మోడల్-ఎ ఫోర్డ్ అయితే మరీ చిక్కు. ఫ్రేము నంబరు ఎడమ పట్టీ పైన, బాడీ కిందకి పోయిన చోట కొట్టి ఉంటుంది. బాడీ పైకెత్తితే తప్ప కనిపించదు. నంబరు లేదని రాసేముందు బాడీ ఎత్తి చూశారా అని ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు. అంబాసిడర్లు, ఫియట్లు, మద్రాసు స్టాండర్డ్‌ల గొడవ ఇంతకన్నా తేలిక. వాటిని మీ మేస్త్రులు నిద్రలో కూడా చూసి చెప్పగలరు.

2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు వేరే నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండికి వీఏ అక్షరాల సిరీస్, 20,000 రూపాయల రుసుము, పదేళ్ల చెల్లుబాటు. బండి పుట్టినప్పటి రూపంలోనే ఉండాలి, పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు అన్నది అందులో షరతు. మంచి షరతు. కానీ ఒక చేత్తో అసలు రూపం చెడకూడదని రాస్తూ, ఇంకొక చేత్తో ఫ్రేము గీకి కొత్త అంకెలు కొట్టించుకురమ్మంటే ఏది పాటించాలి? పాత సి-బుక్కు ఉన్నవాళ్లు పాత రిజిస్ట్రేషన్ నంబరే ఉంచుకోవచ్చని కూడా ఆ నిబంధనల్లో ఉంది. నాకు వీఏ మోజు లేదు. ఎం అక్షరం ఉంటే చాలు.

నేను కోరేవి పెద్దవి కావు. పాత బండి వచ్చినప్పుడు నంబరు కనబడలేదంటే "కనబడలేదు" అనే రాయండి, "లేదు" అని రాయకండి. కనబడిన నంబరు ఎక్కడ కనబడిందో కూడా రాయండి: పట్టీ పైనా, లోపలా, ఇంజిను మీదా, బాడీ రేకు మీదా. పెన్సిల్ ప్రింట్ ఒక్కటి చాలదు, పక్కన ఫొటో కూడా ఫైల్లో పెట్టించండి. అంకెల లోతు, వాటి మధ్య ఎడం, చుట్టూ ఇనుము రంగు ఫొటోలోనే తెలుస్తాయి. పాత ఫ్యాక్టరీ అచ్చు వరస కాస్త వంకరగా ఉంటుంది. చేత్తో, సుత్తితో కొట్టిందే అది. దాని చుట్టూ గ్రైండరు గీతలు ఉండవు. గీతలు ఉండి, అంకెలు కొత్తగా మెరుస్తుంటే అప్పుడు అనుమానించండి, గట్టిగా అనుమానించండి. నేనే వచ్చి మీ పక్కన నిలబడతాను. ఇంజిను వేరేది అయితే వేరేదని రాసుకుని రుసుము తీసుకోండి. పంచింగ్‌కు పంపడం మాత్రం ఆపండి. తుప్పు పట్టి నంబరు నిజంగానే పోయిన బండ్లకు మళ్లీ కొట్టించాల్సి వస్తే, అది మీ ఉత్తర్వుతో, మీ కళ్లముందు, ఇది ఫలానా తేదీన తిరిగి కొట్టినది అని బుక్కులో రాసి జరగాలి.

రెండోది బి-రిజిస్టర్ల సంగతి, అంటే రిజిస్టరైన బండ్ల వివరాలు మీ ఆఫీసుల్లో రాసిపెట్టుకున్న పుస్తకాల సంగతి. ఈ జీపు మొదటిసారి ఎవరి పేరున, ఏ వేలం రసీదుతో రిజిస్టరైందో ఆ పుస్తకంలో ఒక వరసలో ఉంటుంది. ఆ వరస కోసం అడిగితే ఫలానా ఆఫీసుకు వెళ్లమన్నారు. వాళ్లు మొదటి ఆఫీసుకే వెళ్లమన్నారు. తప్పు వాళ్లదని కూడా అనలేను. మద్రాసు రాష్ట్రంలో పుట్టిన రిజిస్టరు 1953లో ఆంధ్రలోకి, 1956లో ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. అటు తెలంగాణలో 2016లో, ఇటు ఆంధ్రలో 2022లో జిల్లాలు చీలినప్పుడు బీరువాలు మళ్లీ లారీలెక్కాయి. ఎక్కిన ప్రతిసారీ కొన్ని దిగలేదు. మిగిలినవి ఏ మెట్ల కింద ఉన్నా, చెదలు చదవకముందే ఫొటోలు తీయించండి. కంప్యూటర్లోకి అంకె అంకెగా ఎక్కించక్కర్లేదు. ఎక్కిస్తే జీపీడబ్ల్యూ పోయి ఆరంకెలు మాత్రమే మిగులుతాయి, ఆ గుమాస్తా చేసినట్టే. పేజీ బొమ్మ చాలు. ఇంగ్లాండులో గేడన్ అనే చోట బ్రిటిష్ మోటార్ మ్యూజియం పాత మోరిస్, ఆస్టిన్ ఫ్యాక్టరీల చిట్టాలు దాచిపెట్టి, ఛాసిస్ నంబరు పంపి రుసుము కడితే ఆ కారు ఎప్పుడు తయారైందో, ఏ రంగుతో, ఏ దేశానికి పోయిందో రాసి పంపుతుంది. మన దగ్గర ఆ తర్వాతి సగం కథ ఉంది. దాన్ని మెట్ల కింద పెట్టుకున్నాం.

నా తోటి పాత బండ్ల యజమానులకూ ఒక మాట, ఈ ఉత్తరం మీరూ చదువుతారు కాబట్టి. మీలో కొందరు విదేశాల నుంచి కొత్త పలకలు తెప్పించి, కావలసిన నంబరు, కావలసిన తేదీ కొట్టించి డాష్‌బోర్డుకు బిగిస్తున్నారు. నా జీపులో పలకలు ఉండవలసిన చోట రివెట్టు రంధ్రాలు మాత్రమే ఉన్నాయి. పలకలు ఇస్తామన్నవాళ్లు ముగ్గురు వచ్చారు. ఒకడు "1942 వేసుకోండి, రేటు ఎక్కువ పలుకుతుంది" అని కూడా అన్నాడు. వెళ్లిపొమ్మన్నాను. రంధ్రాలు రంధ్రాలుగానే ఉంటాయి. మనం ఇలాంటి పనులు చేస్తుంటే అధికారులు మనల్ని నమ్మకపోవడంలో ఆశ్చర్యం ఏముంది? ఇంజిను, ఛాసిస్ నంబర్లు కలిసిన బండే గొప్పదన్న పిచ్చి వదలండి. నా జీపులో మూడు నంబర్లూ కలవవు. అవి కలవకపోవడం వల్లే ఏది ఎప్పుడు మారిందో నాకు తెలిసింది.

చివరగా, ఆ ఆఫీసులో నా ఫైలు ఇంకా అలాగే ఉంది. "ఛాసిస్ నంబరు లేదు" అన్న రిమార్కుతో ఆగిపోయింది. వచ్చే నెల మళ్లీ తీసుకొస్తున్నాను. నంబరు ఉన్న చోటు చుట్టూ పెయింటు వేయలేదు, తుప్పు పట్టకుండా పల్చగా నూనె రాసి ఉంచాను. తుడిచి చూసుకోవడానికి కిరోసిన్, గుడ్డ, పల్చటి కాగితం, మెత్తటి పెన్సిల్ నేనే తెస్తాను. మోకాళ్ల కింద వేసుకోవడానికి గోనెపట్టా కూడా తెస్తాను. ఆ కుర్రవాడినే పంపండి. ఈసారి లోపలికి కాదు, పైకి చూడమని చెప్పండి.

ఇట్లు,
విల్లీస్ అని రాసి ఉన్న ఒక ఫోర్డ్ జీపు యజమాని